నురుగు గొట్టం, తవ్వెడు పాలు

ఆ గొట్టంలోంచి మొదటి సీసాలోకి దిగినదాన్ని నేను చూసింది 1968 ఆగస్టు 14, బుధవారం ఉదయం పదిన్నరకు. అంతకు ముందు నిమిషం దాకా మా తొట్టెలో నీళ్ళు అద్దంలా ఉన్నాయని నేనే నలుగురికీ చెప్పుకున్నాను. తొట్టెకు ఇవతల నిలబడి, అవతలి గోడ మీద పటంలో ఉన్న చిన్న అక్షరాలు చదివేదాన్ని. అంత తేట నీళ్ళలోంచి రెండు రోజుల్లో అర సీసా బయటికి వచ్చింది. రంగు మాడిన టీ డికాక్షన్‌ది. వాసన ఎండు చేపలు వానకు తడిసి మూడు రోజులు మూతపెట్టి ఉంచితే వచ్చేది. సీసా చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాను. ఇదంతా ఆ తేట నీళ్ళలోనే ఉందా? ఏడు నెలలుగా దీన్నే తేట అన్నానా?

అప్పటికి నాకు ఇరవై మూడేళ్ళు. శ్రీకాకుళంలో ఒక కాలేజీలో జువాలజీ డిమాన్‌స్ట్రేటరుగా చేరి పదమూడు నెలలైంది. ఇక్కడ రాస్తున్నది ఆ గొట్టం సంగతి. దాని పక్కన పనిచేసిన అటెండరు ఉద్యోగం ఊడిపోబోయిన సంగతి కూడా. అందులో నా చేతిరాతకు కూడా భాగం ఉంది కాబట్టి తేదీలతో సహా రాస్తున్నాను.

సముద్రపు జీవాలను సీసాల్లో చచ్చినవి కాక తొట్టెలో బతికినవి చూపించాలని మా శాఖ పెద్ద పట్టుబట్టారు. ఆయన్ని నేను మాస్టారు అనేదాన్ని. ఇనుప చట్రానికి గాజు బిగించి, ఇనుముకు రెండు పూతలు తారు పూయించి తొట్టె చేయించారు. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, పదిహేను అంగుళాల లోతు నీళ్ళు. ఏడున్నర ఘనపుటడుగులు, అంటే రెండు వందల పన్నెండు లీటర్లు. జనవరి నుంచి జూలై ఆఖరు దాకా అందులో వేసిన ప్రాణులు నలభై మూడు. వారం దాటి బతికినవి రెండు, అవీ పీతలే. నీళ్ళు తేటగానే ఉండేవి, చేపలు చచ్చిపోయేవి. నాకు అర్థం కాక రోజూ లెక్క మాత్రం రాసేదాన్ని.

మాస్టారికి ఎవరో పై దేశం పత్రిక ఒకటి పంపారు. అందులో ఒక బొమ్మ ఉంది. నిలువు గొట్టం, అడుగున గాలి, పైన నురుగు. సముద్రపు నీటిలో చేపల మలం, తిండి తునకలు కుళ్ళి కరిగిపోతాయట. కరిగినదాన్ని వడకట్టలేం. కానీ సన్నని గాలిబుడగలు వదిలితే అది వాటిని అంటిపెట్టుకుని నురుగై పైకి వస్తుందట. ఆ నురుగును పక్కకు తీసేస్తే నీళ్ళు నిజంగా శుభ్రమవుతాయట. పత్రికలో దానికి స్కిమ్మర్ అని పేరు. మేం నురుగు గొట్టం అన్నాం.

కెమిస్ట్రీ వాళ్ళ దగ్గర అడుగు పగిలిన లీటరు కొలగొట్టం ఒకటి ఉంటే తెచ్చుకున్నాం. దాని ఒంటి మీద పది నుంచి వెయ్యి దాకా గీతలుండటం నాకు పండగలా అనిపించింది. పై మూతికి గరాటును బోర్లించి లక్కతో అతికాం. గరాటు కాడకు రబ్బరు గొట్టం తొడిగి, దాన్ని వంచి పక్కన సీసాలో పెట్టాం. మొత్తాన్ని ఒక ఇనుప స్టాండుకు బిగించి తొట్టెలోకి నిలువుగా దింపాం. కరెంటుతో నడిచే చిన్న గాలిపంపు మద్రాసు నుంచి వచ్చింది. కరెంటు పోయినప్పటికి సైకిలు పంపుతో గాలి కొట్టి నింపి ఉంచిన లారీ ట్యూబు ఉండేది.

గాలి వచ్చింది గానీ నురుగు రాలేదు. గాలిని బుడగలుగా చీల్చడానికి పంపుతో వచ్చిన బెజ్జాల రాయి నాలుగు రోజులకే పూడుకుపోయి గోళీకాయలంత బుడగలు వదిలేది. రాయికి బదులు ఒక చెట్టు కర్రముక్క వాడమని పత్రికలో ఉంది గానీ, ఆ చెట్టు మన దేశంలో లేదు. మునగ కర్ర, జిల్లేడు కాడ, సరుగుడు ముక్క అన్నీ చూశాం. ఏదీ పనిచేయలేదు. అప్పుడు అటెండరు ఒక అంగుళం పొడవు కర్రముక్క తెచ్చాడు. ఒక కొన నోట్లో పెట్టుకుని, రెండో కొన బకెట్లో ముంచి ఊదాడు. నీళ్ళలోంచి పాలపొగలాంటి బుడగలు లేచాయి.

"సూడండమ్మా, పొగలా వస్తన్నాది."

"ఏం కర్ర ఇది?"

"బెత్తం. సన్న సన్న బెజ్జాలుంటాయి లోపల."

"ఎక్కడిది?"

"డ్రిల్లు మాస్టరుది."

"అడిగి తెచ్చావా?"

"అడిగితే ఇస్తాడేటమ్మా? పొద్దున్నుంచీ ఎతుక్కుంటన్నాడు. ఇంకో ఇరవై ముక్కలు ఒస్తాయి."

అతనికి అప్పుడు నలభై ఏళ్ళు. శ్రీకూర్మం దాటి వెళ్ళాక సముద్రం ఒడ్డున ఒక పల్లె అతనిది. నాకంటే పదిహేడేళ్ళు పెద్ద. అయినా అందరిలాగే నేనూ నువ్వు అనే అనేదాన్ని. అప్పట్లో మా ఆఫీసుల్లో అదే వాడుక. ఎప్పుడో అలల్లో పడవ బోల్తాపడి అతని కుడి భుజం కీలు తప్పింది. చెయ్యి చెవి దాటి పైకి లేవదు, తెడ్డు పట్టలేదు. అందుకని 1965 జూలైలో కాలేజీలో చేరాడు. మూడేళ్ళూ టెంపరరీ. ఆ నవంబరులో పర్మినెంటు చేస్తారని మాట వచ్చింది. ఇంట్లో ఆరుగురు. ఆ చెయ్యితో సముద్రంలోకి తిరిగి వెళ్ళే దారి లేదు. ఈ ఉద్యోగం పోతే మరొకటి లేదు.

గొట్టాన్ని సరిచేయడానికి నాకు పంతొమ్మిది రోజులు పట్టింది. సరిచేయాల్సినవి రెండే. ఒకటి గాలి, రబ్బరు గొట్టానికున్న మర క్లిప్పు తిప్పితే తగ్గుతుంది, పెరుగుతుంది. రెండోది గొట్టం ఎత్తు. దాన్ని దింపితే లోపలి నీళ్ళు గరాటుకు దగ్గరై, నురుగు తడితడిగా పొంగి సీసా నిండా మంచి నీళ్ళే వచ్చేవి. ఎత్తితే నురుగు దారిలోనే ఎండి కూలిపోయి సీసాలోకి ఏమీ వచ్చేది కాదు. నీటిమట్టం 740 గీత దాటితే తడి, 700 కంటే తగ్గితే ఎండు. 720 దగ్గర, మర రెండుంబావు తిప్పు తెరిచి ఉంచితే రోజుకు సీసాలో రెండంగుళాలు, నల్లగా, చిక్కగా. ఎండకు నీళ్ళు ఆవిరై మట్టం తగ్గేది. అందుకని తొట్టె గాజు మీద గీత గీసి, ఎంత తగ్గితే అంత మంచినీళ్ళు పోసేదాన్ని, సగటున రోజుకు లీటరున్నర. ఇదంతా పొద్దున ఎనిమిదింటికి, సాయంత్రం నాలుగున్నరకు పుస్తకంలో రాసేదాన్ని.

సెప్టెంబరు 9, సోమవారం నాడు అటెండరు తడి గోనెలో పాముచేపను తెచ్చాడు. ఇరవై రెండంగుళాలు. ముదురు గోధుమ ఒంటి మీద పసుపు చుక్కలు. తొట్టెలో పెట్టిన కుండపెంకులోకి దూరి తల మాత్రం బయటపెట్టి, నోరు తెరుస్తూ మూస్తూ కూర్చుంది. అది ఊపిరి తీసుకునే పద్ధతి. చూసేవాళ్ళకు మాత్రం బుస కొడుతున్నట్టే ఉండేది.

"వల్లో పడినాది. మాయావిడ పులుసెట్టేత్తానని కత్తిపీటకాడ కూసుంటే లాక్కొచ్చినాను," అన్నాడతను.

మాస్టారు పిల్లలందరినీ వరసలో నిలబెట్టి చూపించారు. "ఇది చేప. మొప్పలున్నాయి, రెక్క ఉంది. ఎవరైనా దీన్ని పాము అన్నారో మార్కులు కోస్తాను."

ఆయన అలాంటి మనిషి. కిందటేడు నాగుల చవితికి ముందురోజు క్లాసులో పాము తలకాయ బొమ్మ గీసి, అది పాలు తాగలేదని, పుట్టలో పోసిన పాలకు లోపలి పాము ఉక్కిరిబిక్కిరై చస్తుందని అరగంట చెప్పారు. ఆ పాఠం గురించి ఊళ్ళో పెద్దవాళ్ళు ప్రిన్సిపాలుకు ఫిర్యాదు కూడా చేశారు. ఆయన లెక్కచేయలేదు. ఆయన భార్యకు నాలుగుసార్లు కడుపు నిలవలేదని, ఇది ఐదోసారని, మూడో నెలని, డాక్టరు మంచం దిగవద్దన్నాడని మాకందరికీ తెలుసు. ఆయన మాత్రం ఆ మాట ఎప్పుడూ ఎత్తేవారు కాదు.

1968లో నాగుల చవితి అక్టోబరు 25, శుక్రవారం పడింది. కాలేజీకి సెలవు. తొట్టెకు సెలవు లేదు కనుక ఎనిమిదింటికి వస్తానని అటెండరుకు చెప్పాను. గురువారం సాయంత్రం నాలుగున్నరకు నీటిమట్టం 720, సీసాలో రెండంగుళాలు, పాముచేప రెండు రొయ్యలు తిన్నది. నేను నాలుగూ నలభై ఐదుకు వెళ్ళిపోయాను. అతను తాళం వేసి పండగకు ఊరెళ్ళాడు. శుక్రవారం పొద్దున మొదటి బస్సు టాపు మీద నాలుగు పెద్ద ఆసిడ్ సీసాల నిండా సముద్రపు నీళ్ళతో దిగాడు. ఇద్దరం కలిసే తలుపు దగ్గరికి వచ్చాం. నా ముందే తాళం తీశాడు.

గదిలో నేల తెల్లగా ఉంది. ఒక్క క్షణం అది ఏమిటో నాకు తెలియలేదు. నురుగు. సీసా నిండి, పొర్లి, బల్ల మీదుగా కారి, నేల మీద తలుపు దాకా పాకింది. గరాటు కాడలోంచి ఇంకా బుస్సుబుస్సుమని వస్తూనే ఉంది. తొట్టెలో నీళ్ళు బియ్యం కడుగులా ఉన్నాయి. అవతలి గోడ మీద పటం కాదు కదా, తొట్టె వెనక గాజే కనబడటం లేదు. పాముచేప కుండపెంకు వదిలి పైకి వచ్చేసి, మూతి గాలిలో పెట్టి నోరు తెరుస్తోంది. గది నిండా పచ్చిపాల వాసన. తొట్టె అంచు మీద పసుపు, కుంకుమ. అడుగున ఇసుక మీద నువ్వుల చిమ్మిలి ఉండ ఒకటి, సగం కరిగి.

అతను ఆసిడ్ సీసా చేతిలోంచి దించడం కూడా మరిచిపోయాడు.

"ఏటమ్మా ఇది?"

"నువ్వు కాదా?" అన్నాను. ఇప్పటికీ నాకు సిగ్గే. మొదట నా నోట వచ్చింది అదే.

అతను నా మొహంలోకి చూసి నవ్వేశాడు. "నానా? సముద్రం ఒడ్డున పుట్టినోడ్ని. సేపకి నాగుల సవితేటమ్మా? మేం దీన్ని సింతపండేసుకుని తింటాం. తినేదానికి మొక్కుతామేటి?"

నేను పొర్లుతున్న నురుగు ఆపుదామని మర క్లిప్పు బిగించబోయాను. అతను చెయ్యి అడ్డం పెట్టాడు. "గాలి తీసీకండమ్మా! దానికి ఊపిరి ఆడట్నేదు, సూడండి." నిజమే. నేను అప్పటిదాకా నేల శుభ్రం గురించి ఆలోచిస్తున్నాను. పాలలో ఉన్నది కూడా గొట్టం తీయగలిగిన సరుకే కదా అని అప్పుడు తోచింది. మరను పూర్తిగా తెరిచాను. గొట్టాన్ని అంగుళన్నర దింపి నీటిమట్టం 800 మీదికి తెచ్చాను. ఇన్నాళ్ళూ తడి నురుగు రాకూడదని పెట్టిన తిప్పలన్నీ తలకిందులు చేసి, ఎంత తడిగా వస్తే అంత మంచిదని వదిలాను. సీసా తీసేసి బకెట్టు పెట్టాం. తొట్టెలోంచి నీళ్ళు తోడి పారబోసి, అతను తెచ్చిన ఎనభై లీటర్లు నింపాం. మధ్యాహ్నం ఒంటిగంటకల్లా పదకొండు లీటర్ల నురుగు నీళ్ళు వచ్చాయి, మొదటివి పాలలా, చివరివి మజ్జిగ తేటలా. మూడింటికి పాముచేప పెంకులోకి వెళ్ళింది. అతను వెంటనే మళ్ళీ బస్సెక్కి ఇంకో నాలుగు సీసాల నీళ్ళకు వెళ్ళాడు.

ఆ మధ్యలో నేను పుస్తకం రాశాను. ఎలా రాశానో చూసి రాస్తున్నాను: "ఉ. 8.10. తలుపు తాళం వేసి ఉంది. తాళంచెవి అటెండరు దగ్గర. తొట్టెలో పాలు, చిమ్మిలి, పసుపు." ప్రతి మాటా నిజమే. గదికి రెండో తాళంచెవి మాస్టారి దగ్గర ఉందన్నది కూడా నిజమే. అది రాయాలని నాకు తోచనే లేదు. పాముచేపను పాము అంటే మార్కులు కోస్తానన్న మనిషి తాళంచెవి నా దృష్టిలో తాళంచెవే కాదు.

మాస్టారు పదకొండింటికి వచ్చారు. గుమ్మంలోనే ఆగిపోయారు. బకెట్టు వైపు, తొట్టె వైపు, అటెండరు వైపు చూశారు. నేను ఆయన కోపం కోసం ఎదురుచూశాను. ఆయన "బతుకుతుందా?" అని మాత్రం అడిగి, నా పక్కన నిలబడి సాయంత్రం దాకా చేతులతో నీళ్ళు తోడారు. ఎవరు చేశారని అడగలేదు. అదేమిటని నేనూ అనుకోలేదు.

శనివారం ప్రిన్సిపాలు వరండాలో వాసనకు లోపలికి వచ్చి, బల్ల మీదున్న పుస్తకం తిరగేశారు. ఆ వాక్యం దగ్గర వేలు పెట్టారు.

"అమ్మాయి చక్కగా రాసింది. ఇంకేం కావాలి?" అని అటెండరును పిలిచారు. "ఏమయ్యా, కాలేజీ గది నీ పుట్ట అనుకున్నావా?"

"నాను పొయ్యనేదు బాబు. మొన్న రేతిరి మా ఊర్లో ఉన్నాను."

"సాయంత్రం పోసి వెళ్ళి ఉంటావు. సాక్ష్యం ఎవరు? మీ ఊరివాళ్ళా?" ఆయన లెక్క అక్కడే తేలిపోయింది. నవంబరు ఒకటి నుంచి రావద్దన్నారు. పర్మినెంటు మాట సరే, ఉన్నది కూడా పోయింది. నా అక్షరాలు చదివి, నా కళ్ళ ముందే, ఒక మనిషి తిండి తీసేశారు. మాస్టారు కిటికీ దగ్గర నిలబడి ఉన్నారు. "అతను అలాంటివాడు కాదండీ" అని నేనన్నాను. "నువ్వు రాసిందే కదమ్మా" అన్నారు ప్రిన్సిపాలు.

ఆదివారం, 27న, పొద్దున తొట్టె లెక్కలు చెబుదామని మాస్టారింటికి వెళ్ళాను. ఆయన బజారుకు వెళ్ళారు. ఆయన భార్య మంచం మీద నుంచే లోపలికి పిలిచారు. నన్ను ఎరుగుదురు గనుక పక్కన కూర్చోబెట్టుకున్నారు. మొహం పాలిపోయి ఉంది గానీ కళ్ళు మెరుస్తున్నాయి.

"ఏవే అమ్మాయ్, మీ పాము పాలు తాగీసిందట కదా?"

నేను ముందుకు వంగాను.

"ఏ పామండీ?"

"అదేనే, మీ అద్దాల తొట్లో ఉన్నది. నన్ను మంచం దిగొద్దన్నారు కదా, పుట్ట కాడికి ఎలా వెళ్తాను? మీరే వెళ్ళి పొయ్యండి అని ఈయన కాళ్ళ మీద పడ్డంత పని చేశాను. చెంబు నిండా తవ్వెడు పాలు, ఒక్క చుక్క మిగల్చకుండా పోస్తానని ఒట్టేయించుకున్నాను. ఈయన సంగతి నీకు తెలీదేటి, ఒట్టేస్తే తప్పరు. పుట్ట కాడ రద్దీగా ఉందట, మన కాలేజీ తొట్లోనే పెద్ద నాగు ఉంది, అక్కడే పోశాను, తాగీసింది అన్నారు. నిజవేనా? నువ్వు చూశావా?"

నేను ఏమన్నానో ఇక్కడ రాయను. ఆమె సంతోషించిందని మాత్రం రాస్తాను. బయటికి వచ్చి వీధి అరుగు మీద ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. వాచీ చూసుకోవడం మరిచిపోయిన రోజు నాకు గుర్తున్నంతలో అదొక్కటే. పాము నోరు బొమ్మ గీసి చూపించిన మాస్టారు, నా పక్కన నిలబడి పొద్దు వాలేదాకా తాను పోసిన పాలనే తోడారు. శనివారం కిటికీ దగ్గర నిలబడి ఊరుకున్నారు.

సోమవారం పుస్తకంలో ఒక వరస కలిపాను: "గదికి రెండో తాళంచెవి: మాస్టారు." ఆ పేజీ తెరిచి ఆయన బల్ల మీద పెట్టాను. చాలాసేపు చదివారు. ఆ వరసలో ఉన్నవి నాలుగు మాటలు.

"మా ఇంటికి వెళ్ళావా?"

"నిన్న వెళ్ళానండి."

"ఆవిడకు ఏమీ చెప్పలేదు కదా?"

"లేదండి."

అప్పుడు చెప్పారు. చెంబు తీసుకుని తెల్లవారకముందే మైదానం వెనక పుట్ట దగ్గరకు వెళ్ళారట. అప్పటికే అక్కడ బి.ఎస్సీ. మూడో ఏడు పిల్లలు తల్లులతో నిలబడి ఉన్నారట. ఆయన్ని చూసి నమస్కారం పెట్టారట. చెంబు పైకండువా కింద దాచుకుని వెనక్కి తిరిగారట. దారిలో కాలేజీ, జేబులో తాళంచెవి. "డ్రెయినేజీలో పోసి ఇంటికి వెళ్ళొచ్చు. కానీ నాగుకే పోస్తానని ఒట్టేశాను. నాగు లాంటిది ఊరు మొత్తానికి నాకు తెలిసింది అదొక్కటే." తలెత్తకుండా అన్నారు. "చెంచాడు పోసి ఊరుకుందామనుకున్నాను. ఒక్క చుక్క మిగల్చనని కూడా అన్నాను కదా."

"మరి శనివారం చెప్పలేదేమండీ?"

"నోరు రాలేదమ్మాయ్. ఆ పాఠం చెప్పినవాణ్ణి. రాత్రంతా అనుకున్నాను, రేపు చెబుదామని. తర్వాత ఇంకో రేపు." కలం అడిగి తీసుకుని, నా వరస కింద తన చేత్తో రాశారు: "పాలు పోసింది నేను. తవ్వెడు. ఉ. 5.40." సంతకం పెట్టారు. పద అని నన్ను కూడా తీసుకుని ప్రిన్సిపాలు గదికి వెళ్ళారు.

ప్రిన్సిపాలు చదివి, అద్దాలు తీసి, ఆయన వైపు చూసి నవ్వారు. చెడ్డ నవ్వు కాదు. "మీరా? పాముకి పాలా? కిందటేడు మీ పాఠం మీద వచ్చిన ఉత్తరాలన్నీ నా డ్రాయరులో ఉన్నాయి మాస్టారూ. అటెండరు మీద జాలి ఉంటే జాలి అని చెప్పండి. ఇలాంటివి రాయకండి, మీ పేరు పోతుంది."

"నేనే పోశానండీ. ప్రమాణం చేస్తాను."

"అదిగో, ప్రమాణం కూడా!" ఆయన పుస్తకం మూసి నా చేతికిచ్చారు. మీరింత అడుగుతున్నారు గనుక అతన్ని ఉంచుతానన్నారు. పర్మినెంటు కూడా చేస్తానన్నారు. కాకపోతే తప్పు చేశానని, ఇకమీదట చేయనని అతను రాసిచ్చి సంతకం పెట్టాలి. పేపరు గుమస్తా చేత అప్పటికప్పుడు రాయించారు.

నేను మాస్టారి వైపు చూశాను. తప్పు ఒప్పుకుంటే మనిషి నమ్ముతాడన్నది అప్పటిదాకా నాకు కూడికలు, తీసివేతలంత ఖాయమైన సంగతి.

అటెండరు తొట్టె దగ్గర సీసా కడుగుతున్నాడు. సంతకం తప్ప అతనికి చదువు రాదు. మాస్టారు రాసిందీ, ప్రిన్సిపాలు నవ్విందీ చెప్పి, నేనే పేపరు చదివి వినిపించాను: "నాగుల చవితి సందర్భంగా నేను కాలేజీ తొట్టెలోని పాముకు పాలు పోసి..." మాస్టారు గుమ్మం పక్కన నిలబడ్డారు.

"ఈ కాయితం మీద సంతకం ఎడితే ఉజ్జోగం ఉంటాదా అమ్మా?"

"ఉంటుంది. పర్మినెంటు కూడా."

"ఎట్టకపోతే?"

నేను పేపరు అతని వైపు చాచాను. అతను చేతులు తుడుచుకున్నాడు. "శుక్రోరం పొద్దున్న తాళం తీసినప్పుడే నాకు తెలుసమ్మా. నానెప్పుడూ ఒక్క తిప్పే ఏస్తాను. ఆ పొద్దు రెండు తిప్పులు తిప్పితే గానీ తాళం రానేదు. రెండు ఏసేది మాస్టరు బాబే."

మాస్టారు ఒక్క అడుగు వెనక్కి వేశారు. ఆ తాళం నా కళ్ళ ముందే తీశాడు. నేను టైము రాశాను, తాళం రాశాను, ఎన్ని తిప్పులన్నది చూడలేదు.

"తెలిసీ మొన్న ప్రిన్సిపాలుగారి ముందు ఎందుకు చెప్పలేదు?" అన్నాను.

"సెప్తే పెద్దాయన మీద సాడీ సెప్పినాడని ఆ గడియకే పోను. సెప్పనేదు గనక ఈరోజు దాకా ఉన్నాది." మాస్టారి వైపు తిరిగాడు. "బాబూ, మీరు రాసింది నమ్మనేదట. నాను రాయంది నమ్మీసినారు. ఏటి బాబూ ఈ సదువులు!"

మాస్టారు "వద్దయ్యా, సంతకం పెట్టకు. నేను మళ్ళీ..." అన్నారు.

"మళ్ళీ ఎల్తే మళ్ళీ నవ్వుతారు. ఈసారి మనసు మార్సుకుంటే నాకేటి దిక్కు?" పేపరు బల్ల మీద పరిచి, దాని మీదికి ఒంగి, అక్షరం అక్షరం గీసినట్టు సంతకం పెట్టాడు. "ఒక్క మాటమ్మా. ఈ కాయితం మా ఊరి వైపు పోకండా సూడండి. పాముచేపకి పాలోసినోడని తెలిస్తే రేవులో నన్ను బతకనివ్వరు. మాయావిడే మొదలెడతాది."

పర్మినెంటు ఆర్డరు నవంబరు 18న వచ్చింది. పాముచేప ఫిబ్రవరి 17 దాకా, మొత్తం నూట అరవై ఒక్క రోజులు బతికింది. మాస్టారి ఇంట ఏప్రిల్‌లో ఆడపిల్ల పుట్టింది. ఆయన ఆ తరవాత రెండేళ్ళకు బదిలీ చేయించుకుని వెళ్ళిపోయారు. నాగుల చవితి పాఠం మళ్ళీ చెప్పగా నేను వినలేదు.

అటెండరు 1986 మార్చి 31న రిటైరయ్యాడు. ఇరవై ఏళ్ళ తొమ్మిది నెలల సర్వీసు. అప్పటికి నేనే ఆ శాఖకు పెద్దను. అతని పెన్షను పేపర్ల కోసం నేనూ ఆఫీసుకు వెళ్ళాను. కొత్తగా వచ్చిన గుమస్తా ఫైలు తెరిచి, లోపలి నుంచి ఒక పాత పేపరు తీసి చదివి, పగలబడి నవ్వాడు.

"ఈయనేనా మేడం, పాముకి పాలు పోసినాయన?"

"కాదు," అన్నాను. "ఆ పాలు పోసింది వేరేవాళ్ళు. నా దగ్గర రాతపూర్వకంగా ఉంది."

"ఈయన సంతకం ఉంది కదండీ ఇక్కడ," అని పేపరు నా వైపు తిప్పాడు. నేను ఫైలు అడిగి తీసుకుని మొదటి నుంచి చివరిదాకా తిరగేశాను. చేరిన ఆర్డరు, పర్మినెంటు ఆర్డరు, జీతం పెంపుల చీటీలు. బెత్తం ముక్క గురించి లేదు. బస్సు టాపు మీద మోసిన సముద్రపు నీళ్ళ గురించి లేదు. ఇరవై ఏళ్ళ తొమ్మిది నెలల్లో అతను ఏం చేశాడన్నది రాసిన వాక్యం ఆ ఫైలు మొత్తానికి అదొక్కటే.